బీదరు సరిహద్దు – మోటారు ప్రమాద పరిహారము

నిజాము రాజ్యములో 1932 జూన్ నెలలో రైల్వేశాఖ 27 బస్సులతో ప్రయాణిక సేవ ప్రారంభించెను. నాటి బీదరు మండలము ఆ రాజ్యములోనిది. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఈ మండలములోనివే. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు బీదరు, భాల్కి, హుమ్నాబాదు మైసూరు రాష్ట్రమున చేరెను. నారాయణఖేడు తాలూకాయు, జహీరాబాదు తాలూకాలో అధికభాగమును ఆంధ్రప్రదేశమునకు చెందెను. చుట్టరికములు, సంతలు, పెండ్లిప్రయాణములు మాత్రము విడిపోలేదు.

ఆ సంవత్సరముననే 1939 నాటి మోటారు వాహనముల చట్టము సవరింపబడెను. అంతకు పూర్వము గాయపడిన ప్రయాణికునకు సివిలు కోర్టే శరణ్యము. పరిహార నిర్ణయమునకై రాష్ట్రప్రభుత్వములు ప్రత్యేక న్యాయాధికరణములను నెలకొల్పుటకు ఈ సవరణ వీలు కల్పించెను. కాని ప్రమాదము జరిగిన ప్రాంతపు అధికరణముననే దరఖాస్తు చేయవలెనని నియమించెను. జహీరాబాదువద్ద కాలు విరిగిన బీదరు వాసి, నిన్నటి స్వమండలమున కే పరరాష్ట్రీయుడై, వాయిదా వాయిదాకు సరిహద్దు దాటవలసినవాడయ్యెను. 1988 నాటి క్రొత్త చట్టమును తొలుత ఈ నియమమునే నిలిపెను.

1994 సవరణ ఈ చిక్కును విప్పెను. నాటినుండి ప్రమాదస్థలముననేగాక, బాధితుడు నివసించుచోట, వ్యాపారము చేయుచోట, లేదా ప్రతివాది నివసించుచోట గూడ దరఖాస్తు చేయవచ్చును. ఎంపిక బాధితునిదే. హక్కు కాగితముపై నున్నను, కుంటుచు నడచువానికి అందుదూరమున నుండవలెను గదా! సరిహద్దు పల్లెలవారు ముఖ్యముగా ఎరుగదగిన విషయమిది.