సెంట్రింగ్ లేని గుమ్మటం

ఫ్లోరెన్స్ చూసొచ్చానంటే మిత్రులందరూ అడిగింది ఒకటే, మైకెలాంజిలో డేవిడ్‌ని చూశావా అని. చూశాను. బావుంది. కానీ ఇప్పటికీ నా బుర్ర తొలుస్తున్నది మాత్రం ఆ ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద చర్చి ఎర్ర గుమ్మటం.

ఆ చర్చి పని 1296లో మొదలైంది. సుమారు 45 మీటర్ల వెడల్పున ఎనిమిది పలకల గుమ్మటం కట్టాలనీ, దానికి బయట ఊతగోడలు ఉండకూడదనీ 1367లోనే తీర్మానించేశారు. ఎలా కట్టాలో మాత్రం ఎవరికీ తెలీదు! రిక్వైర్‌మెంట్లకి సైనాఫ్ అయిపోయింది, డిజైన్ లేదు. మనకి తెలిసిన కథే కదూ? 1418లో పోటీ పెట్టేదాకా ఆ సంగతి తేలలేదు.

అసలు చిక్కు సెంట్రింగ్ దగ్గర. మనిళ్ళల్లో స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగ్ కొట్టి, గట్టిపడ్డాక ఊడదీస్తారు. అంత ఎత్తులో, అంత వెడల్పుకి సరిపడా కలప ఎక్కణ్ణుంచి తెస్తారు? బ్రూనెలెస్కీ అనే ఆయన సెంట్రింగే అక్కర్లేదన్నాడు. చదువుకున్నది కంసాలి పని. అంతకుముందు 1401లో చర్చి ఎదుటి బాప్టిస్టరీ కంచు తలుపుల పోటీలో గిబెర్తీ చేతిలో ఓడిపోయినవాడు.

1420లో మొదలెట్టి 1436కల్లా గుమ్మటం మూసేశాడు. ఒకటి కాదు, ఒకదానిలో ఒకటి రెండు పెంకులు. పడుకోబెట్టిన ఇటుకల మధ్య అక్కడక్కడ నిలువు ఇటుకలు చేపముల్లులా పేర్చుకుంటూ పోయాడు. సున్నం ఆరకముందే ఇటుకలు జారకుండా అవి పట్టి ఉంచుతాయి. వరస పూర్తయితే అది తన కాళ్ళ మీద తనే నిలబడుతుంది. సామాను పైకెత్తడానికి ఎద్దుల యంత్రం. ఎద్దుల్ని వెనక్కి తిప్పక్కర్లేకుండా, గేరు మారిస్తే తాడు కిందికి దిగేది!

463 మెట్లు, లిఫ్టు లేదు. దారి ఆ రెండు పెంకుల మధ్యనుంచే. ఆయాసపడుతూ ఆ ఏటవాలు ఇటుకల మీద చెయ్యేసి నిలబడిపోయాను.

ఇంతకీ నన్ను పట్టి పీడించేది ఇది: ఈ పద్ధతంతా వివరిస్తూ ఆయన ఒక్క కాగితం కూడా వదల్లేదు. ఎవరైనా కాపీ కొడతారని భయం. 1421లో తన సరుకు పడవకి మూడేళ్ళ పేటెంటు కూడా తీసుకున్నాడు. కొన్ని వివరాల మీద పండితులు ఇంకా తలలు పట్టుకుంటూనే ఉన్నారు. ఆయన 1446లో పోయాడు. సమాధి కూడా 1972లో గానీ బయటపడలేదు.

ఒకప్పుడు నేనూ అంతే. నా మాడ్యూలుకి ఒక్క ముక్క డాక్యుమెంటు రాయకుండా, నేను సెలవు పెడితే పని ఆగిపోతుందని లోలోపల మురిసిపోయేవాణ్ణి. నేను ఆ టీము వదిలాక నా కోడు నెత్తినపడ్డ కుర్రాడు ఎన్ని రాత్రుళ్ళు జాగారం చేశాడో తర్వాత తెలిసింది.

బ్రూనెలెస్కీని క్షమించొచ్చు లెండి, ఆయన కట్టింది దాదాపు ఆరొందల ఏళ్ళుగా నిలబడే ఉంది. నా కోడు ఆర్నెల్లు నిలబడలేదు. తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని, ఇప్పటి ప్రాజెక్టుకి డాక్యుమెంటు మొదలెట్టడం.