మెదక్ కేథడ్రల్: గోథిక్ వాస్తురీతి, వర్ణగాజు కళాసంపద

ప్రస్తావన

క్రీ.శ. 12వ శతాబ్దంలో ఫ్రాన్సులో రూపుదిద్దుకొన్న గోథిక్ వాస్తురీతి మధ్యయుగ ఐరోపా చర్చి నిర్మాణాన్ని సమూలంగా మార్చివేసింది. పారిస్ సమీపంలోని సెయింట్ డెనిస్ మఠంలో 1144లో ప్రతిష్ఠితమైన భాగాన్ని ఈ రీతికి తొలి నిదర్శనంగా చరిత్రకారులు పరిగణిస్తారు. మొనదేలిన కమానులు, పక్కటెముకల వంటి కప్పు, గోడలకు వెలుపలి ఊతం అనేవి దీని ప్రధాన లక్షణాలు. వీటివల్ల గోడ మోయవలసిన భారం తగ్గి, విశాలమైన కిటికీలకు చోటు దొరికింది. వర్ణగాజు చిత్రకళ ఆ చోటులోనే వికసించింది. వంశధార తీరాన శ్రీముఖలింగ ఆలయంలో రాతిపై ఉలి చేసిన పనిని గోథిక్ చర్చిలో గాజుపై వెలుతురు చేస్తుంది.

నిర్మాణ చరిత్ర

19వ శతాబ్దపు బ్రిటన్‌లో పునరుజ్జీవనం పొందిన ఈ రీతికి తెలుగునేలపై ప్రముఖ ఉదాహరణ మెదక్ కేథడ్రల్. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ చొరవతో 1914లో ప్రారంభమైన నిర్మాణం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసింది. వాస్తుశిల్పులు ఇంగ్లండులోని బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థవారు. కట్టడం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. దాదాపు 5,000 మంది ఇందులో కూర్చోగలరు. నిర్మాణకాలంలో ఈ ప్రాంతాన్ని కరువు పీడించింది. ఆకలితో వచ్చినవారికి పని చూపి, అందుకు ప్రతిఫలంగా ఆహారం అందించారని స్థానిక సంప్రదాయం చెబుతున్నది. అందువల్ల ఈ కట్టడం ఆరాధనామందిరంగానే కాక కరువు పనిగా కూడా చరిత్రకెక్కింది.

వర్ణగాజు కిటికీలు

ఇక్కడి కళాసంపదలో శిఖరాయమానమైనవి లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన మూడు కిటికీలు. బలిపీఠం వెనుక క్రీస్తు ఆరోహణం (1927), ఇరుపార్శ్వాలలో క్రీస్తు జననం (1947), సిలువ వేయబడుట (1958) దర్శనమిస్తాయి. రంగుగాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చే ఈ కళకు సూర్యకాంతియే ప్రాణం. పగలు లోపలినుండి ప్రకాశించే బొమ్మ పొద్దుగూకగానే చీకటి పలకగా మిగులుతుంది.

ఈ తేదీలు విశేషంగా గమనింపదగినవి. మొదటి కిటికీ అమరినప్పుడు మెదక్ నిజాం రాజ్యంలో ఉన్నది. రెండవది అమరిన 1947లోనే దక్షిణ భారత సంఘం ఏర్పడింది. హైదరాబాదు భారత యూనియన్‌లో కలిసింది ఆ మరుసటి సంవత్సరం. మూడవది అమరేనాటికి ఆంధ్రప్రదేశ్ అవతరించి రెండేళ్లయింది. కనుక ఈ చర్చిని కేవలం వలసపాలనాకాలపు దిగుమతిగా పరిగణించడం అసమగ్రమవుతుంది. స్వతంత్ర భారతంలోనూ స్థానిక సంఘం ఆదరణలో దాని కళారూపం పూర్ణత్వం పొందింది.

ముగింపు

నిర్మాత, వాస్తుశిల్పులు, చిత్రకారుడు పేరుపేరునా స్మరింపబడుతున్నారు. రాయి చెక్కి, మోసి, పేర్చినవారి పేర్లు మాత్రం ప్రచారంలో ఉన్న వర్ణనలలో కానరావు. కట్టడపు కొలతలను, కిటికీల అందాన్ని మాత్రమే నమోదు చేసే చరిత్ర సగం చరిత్రే అవుతుంది. సంఘ దస్తావేజులను, ఆ కూలీల వారసుల మౌఖిక జ్ఞాపకాలను కలిపి పరిశీలించినప్పుడే మిగిలిన సగం వెలుగులోకి రాగలదు. గాజును కాపాడటం ఎంత అవసరమో, ఆ జ్ఞాపకాలను కాపాడటమూ అంతే అవసరం. పగిలిన గాజుకు మారుగాజు అమర్చవచ్చునేమో గాని, ఒక తరంతో అంతరించిన జ్ఞాపకానికి ప్రత్యామ్నాయం లేదు.