ఉద్యోగాన్వేషణ (గుంటూరు, ప్రకాశం జిల్లాలు)

ఉద్యోగాన్వేషణ అనగా తగిన ఉద్యోగాన్ని వెదకి, దానికి కావలసిన అర్హతలను, పత్రాలను సమకూర్చుకొని దరఖాస్తు చేసుకొనడం. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప పండే గ్రామాల నుండి ప్రభుత్వోద్యోగానికి ప్రయత్నించేవారు పరీక్ష పుస్తకాల కన్నా ముందుగా తేల్చుకోవలసిన విషయం స్థానికత.

స్థానికత

రాజ్యాంగంలోని 371-డి అధికరణం క్రింద 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దీని ప్రకారం గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలు మూడవ జోనులోను, కృష్ణా జిల్లా ఉభయ గోదావరి జిల్లాలతో కలిసి రెండవ జోనులోను చేరాయి. ప్రత్యక్ష నియామకాలలో జిల్లా స్థాయి పోస్టులలో 80 శాతం, జోను స్థాయి నాన్-గెజిటెడ్ పోస్టులలో 70 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించారు.

ఈ స్థానికతకు పుట్టిన ఊరు గాని, పొలం ఉన్న ఊరు గాని ఆధారం కాదు. పదవ తరగతి అర్హత లేదా అంతకు మించిన అర్హత కోరే పోస్టులకు, పదవ తరగతితో ముగిసే నాలుగు విద్యా సంవత్సరాలు వరుసగా ఎక్కడ చదివితే అభ్యర్థి అక్కడి స్థానికుడు. ఆ నాలుగేళ్లు ఒకేచోట కానప్పుడు నాలుగు నుండి పది వరకు ఏడేళ్లను లెక్కించి, ఎక్కువ కాలం చదివిన ప్రాంతాన్ని తీసుకుంటారు. సమానమైతే చివర చదివిన ప్రాంతాన్ని తీసుకుంటారు.

ఉదాహరణకు, ఏడవ తరగతి వరకు చిలకలూరిపేటలోను, ఆపై మూడేళ్లు ఒంగోలులోను చదివిన విద్యార్థి గుంటూరు జిల్లా స్థానికుడు అవుతాడు. రెండు జిల్లాలూ ఒకే జోను గనుక జోనల్ పోస్టులకు ఈ తేడా పట్టదు. అయితే మంచి చదువు కోసం ఏడు నుండి పది వరకు విజయవాడ హాస్టలులో ఉంచిన చీరాల విద్యార్థి కృష్ణా జిల్లాకు, రెండవ జోనుకు స్థానికుడై, సొంత జిల్లాలో స్థానికేతరుడవుతాడు. తల్లిదండ్రులు ఈ సంగతిని చాలా ఆలస్యంగా తెలుసుకుంటారు.

మిరప కోతలకు, పత్తి తీతలకు వలస వెళ్లే కుటుంబాల పిల్లలలో కొందరు మధ్యలో బడి మానివేస్తారు. అట్టివారి విషయంలో ఉత్తర్వు నివాసాన్ని పరిగణిస్తుంది. పరీక్షకు ముందు నాలుగేళ్లు నివసించిన చోట తహసీల్దారు నుండి నివాస ధ్రువపత్రం పొందవలెను.

పత్రాలు

నాలుగు నుండి పది వరకు ప్రతి తరగతికి స్టడీ సర్టిఫికెట్టు సేకరించవలెను. పేరు, పుట్టిన తేదీ పదవ తరగతి పత్రంలో ఉన్నట్లే ఉన్నవో లేవో సరిచూసుకొనవలెను. చదివిన ప్రైవేటు బడి మూతబడి ఉంటే దాని రికార్డుల కోసం మండల విద్యాశాఖాధికారిని సంప్రదించవచ్చు. నోటిఫికేషను వచ్చేదాకా ఆగితే దీనికి వ్యవధి చాలదు.

ఉపాధి కార్యాలయం

జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన ఉద్యోగం రాదు. 1959 నాటి చట్టం ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయమన్నదే గాని, అవి పంపినవారినే నియమించమనలేదు. కృష్ణా జిల్లా ఎక్సైజు సూపరింటెండెంటు కేసులో సుప్రీంకోర్టు 1996లో, ఖాళీలను పత్రికలలో కూడా ప్రకటించవలెనని తీర్పు చెప్పింది. కనుక కార్డు ఉన్నవారు సైతం పత్రికా ప్రకటనలను గమనించవలెను.

జిల్లాల విభజన

2022 ఏప్రిల్‌లో పల్నాడు, బాపట్ల జిల్లాలు ఏర్పడ్డాయి. చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. అయినను 2025 నాటి డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాలు పాత ఉమ్మడి జిల్లాల ప్రాతిపదికననే జరిగాయి. దరఖాస్తులో ఏ జిల్లా పేరు వ్రాయవలెనో ఆయా నోటిఫికేషనులో చూచుకొనవలెను.