మక్కా నుండి వచ్చిన పురిటి పువ్వు

మన తోటల లయములలో పుట్టి పెరిగిన వృద్ధ స్త్రీలను పురుళ్ళ సంగతి అడిగినచో, వారిలో కొందరు ఒక యెండు పువ్వును గూర్చి చెప్పుదురు. అది పిడికిలి వలె ముడుచుకొని యుండును. నొప్పులు మొదలైన వెంటనే దానిని నీళ్ళ గిన్నెలో వేసి, గర్భిణి కంటికి కనబడునట్లు ఉంచెడివారు. పువ్వు విచ్చుకొన్న కొలది గర్భాశయ ముఖము కూడ విచ్చుకొనునని వారి నమ్మిక. ఈ పువ్వు మన విశాఖపట్టణము, గంజాము జిల్లాలది కాదు, మలయా అడవులది కాదు, అరేబియా ఎడారిది. అది మన పురిటి గదికి ఎట్లు వచ్చెను, మనకు ఏమి నేర్పెను, ఏ విషయమున మనలను మోసగించెను అను సంగతిని ఇచ్చట చెప్పబూనితిమి. మన కూతుండ్రును కోడండ్రును దీనిని చదువవలెనని మా కోరిక. మగవారు చదివినను మేలే.

నిజమునకు అది పువ్వు కాదు, వేరుతో సహా ఎండిన మొక్క. ఆవ మొక్క ఏ కుటుంబమునకు చెందినదో ఇదియు ఆ కుటుంబమునకే చెందినది. సౌదీ అరేబియా మొదలుకొని సైనాయి, సహారా ఎడారుల వరకు ఇది పెరుగును. వాన పడినప్పుడు మొలచి, చిన్న తెల్లని పూలు పూచి, గింజ కట్టి, చచ్చిపోవును. అప్పుడు కొమ్మలు లోపలికి ముడుచుకొని గింజలను కాపాడును. మరల వాన పడిన నాడు కొమ్మలు నీటిని పీల్చి విచ్చుకొని గింజలను విడుచును. 1753 లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి అనాస్టాటికా అని పేరు పెట్టెను. పునరుత్థానము అను అర్థము గల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. అరబ్బులు దీనిని కఫ్ మరియం, అనగా మరియము చేయి, అందురు. ఆ మరియము ఏసుక్రీస్తు తల్లి. మన ఆలయములలోని మారియమ్మతో ఈ పేరునకు సంబంధము లేదు. ఉర్దూ మాటలాడు యునానీ వైద్యులు దీనినే పంజా-ఎ-మరియం అందురు. మలయ్ జనులు దీనిని ప్రవక్త కుమార్తె పేరున రుంపుట్ ఫాతిమా అందురు. ఇచ్చటి అడవులలో దొరకు కచిప్ ఫాతిమా వేరొక మొక్క; రెంటిని ఒకటిగా భ్రమపడరాదు.

అరేబియాలో ఆసుపత్రులు విరివిగా లేని కాలమున కాన్పులు ఇండ్లలోనే జరిగెడివి. మన మంత్రసాని వంటి స్త్రీని అచ్చట దాయా అని పిలిచెడివారు. ఎడారి స్త్రీలకు ఈ మొక్క సుపరిచితము. మక్కా, మదీనా అంగళ్ళలో దీనిని యాత్రికులకు అమ్ముదురు. మలయా దేశమునకును ఆ నగరములకును రాకపోకలు చాల పాతవి. 1885 లో మక్కాలో నివసించిన డచ్చి పండితుడు స్నూక్ హుర్‌గ్రోన్యే, మలయ్ దీవుల వారు అచ్చట ఒక పెద్ద సమాజముగా నివసించుటను చూచి తన గ్రంథమున వర్ణించెను. పినాంగు, సింగపూరు రేవుల నుండి పొగ ఓడలలో జిద్దాకు పోయిన యాత్రికులు తిరిగి వచ్చునప్పుడు జంజం నీరును, ఖర్జూరములను, ఈ ఎండు మొక్కను వెంట తెచ్చుకొనెడివారు. ఆ విధముగా అది కంపొంగులకు చేరి, బిడాన్ అని పిలువబడు మలయ్ మంత్రసానుల చేతి సామగ్రిలో చేరెను.

మన పెద్దలు ఈ నేలకు వచ్చినది వేరొక ఓడలో. ఒడంబడిక కూలి పద్ధతి మలయాలో 1910 లో నిలుపబడెను. తరువాత కంగాణీల వెంట వచ్చుట సాగినది. చేతిపని తెలియని కూలీలను ఇతరుల సహాయముతో పంపుటను 1938 లో భారత ప్రభుత్వము నిషేధించెను. మన వారు దిగువ పేరాక్ కొబ్బరి తోటలలోను, రబ్బరు తోటలలోను స్థిరపడిరి. వచ్చిన ఆడువారిలో పురుడు పోయుట తెలిసిన వారు ఉన్న చోట వారే మంత్రసానులు. లేని చోట ప్రక్క కంపొంగు బిడాన్ వచ్చెడిది. ఆమెతోపాటు ఆ పువ్వును వచ్చెడిది. మన వారికి ఆ పద్ధతి వింతగా తోచలేదు. నొప్పులు పడుచున్న స్త్రీకి జడ విప్పుట, తలుపుల గడియలు తీయుట, పెట్టెల మూతలు తెరచుట మన పెద్దలకు తెలిసినవే. ముడి విడినచో బిడ్డ వెలువడునను భావము రెండు జాతులకును ఒక్కటే.

ఇక మా యింటి సంగతి. 1950 దశకమున మా పెద్దమ్మకు తొలి కాన్పు. సాయంకాలమున నడుము నొప్పి మొదలయ్యెను. మా నాయనమ్మ ఇత్తడి గిన్నెలో వేడి నీరు పోసి పువ్వును వేసెను. తొలికోడి కూయక ముందే పువ్వు పూర్తిగా విచ్చుకొనెను. గదిలోని స్త్రీలందరు వేళ అయినదని తలచి "ముక్కుము, ముక్కుము" అని ఆమెను తొందరపెట్టిరి. ఆమె తెల్లవారు వరకు ముక్కి ముక్కి సొమ్మసిల్లెను. డ్రెస్సరు వచ్చి చూచి, గర్భాశయ ముఖము సగమైనను తెరచుకొనలేదని చెప్పెను. మధ్యాహ్నమునకు తోట లారీలో ఆమెను ఆసుపత్రికి చేర్చిరి. తల్లి దక్కినది, బిడ్డకు ఊపిరి లేదు. ఆ రాత్రి గదిలో ఉన్న వారెవ్వరును చెడ్డవారు కారు. వారు నమ్మిన గడియారము తప్పు చెప్పెను, అంతే.

నాయనమ్మ ఆ పువ్వును మరల నీటిలో వేయలేదు, పారవేయనును లేదు. ఆమె పోయిన తరువాత అది మా చేతికి వచ్చెను. గర్భిణి ఎవరును లేని యింటిలో, పట్టపగలు, దానిని రెండు గిన్నెలలో రెండు మారులు వేసి చూచితిమి. చల్లని నీటిలో ఆలస్యముగా, వేడి నీటిలో త్వరగా విచ్చుకొనెను. ఎండిన తరువాత మరల ముడుచుకొనెను. అది నీటిని ఎరుగును గాని తల్లిని ఎరుగదు. మా పెద్దమ్మ దుఃఖమునకు కారణము ఇంత చిన్న సంగతి.

మరి గర్భాశయ ముఖము తెరచుకొను తీరును ఎవరు కొలిచిరి? 1954 లో అమెరికా దేశమున ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ అను వైద్యుడు తొలి కాన్పు స్త్రీలు 100 మందిని పరీక్షించి, గంటగంటకు ఎంత తెరచుకొన్నదో కాగితముపై గీతగా గీచెను. ఆ గీత మొదట చాలసేపు ఇంచుమించు చదునుగా సాగి, తరువాత నిటారుగా లేచినది. 1972 లో ఫిల్‌పాట్, కాసిల్ అను వైద్యులు నేటి జింబాబ్వేలో దానికి హెచ్చరిక గీతను, చర్య గీతను చేర్చి మంత్రసానులకు ఉపయోగపడు పటముగా చేసిరి. దానినే పార్టోగ్రాఫ్ అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పటమును ఇండోనేషియా, థాయిలాండు, మన మలేషియా దేశములలో 35,484 మంది స్త్రీల కాన్పులలో పరీక్షించి, ఫలితములను 1994 లో ప్రకటించెను. మితిమీరి సాగు కాన్పులు నూటికి 6.4 నుండి 3.4 కు తగ్గెను. 2018 లో ఆ సంస్థయే మరియొక మాట చెప్పెను: గంటకు ఒక సెంటీమీటరు తెరచుకొనవలెనను నియమము స్త్రీలందరికి వర్తింపదు, 5 సెంటీమీటర్ల వరకు తొలి దశయే, ఆ దశ ఇన్ని గంటలని నిర్ణయింప వీలులేదు. అటుపిమ్మట వచ్చు చురుకైన దశ తొలి కాన్పులో సాధారణముగా 12 గంటలను, తరువాతి కాన్పులలో 10 గంటలను మించదు. 10 సెంటీమీటర్లు తెరచుకొన్నగాని ద్వారము పూర్తిగా తెరచుకొన్నట్లు కాదు.

కావున తొలి దశలో ఏమి జరుగునో మన ఆడపడుచులు తెలిసికొనవలెను. నడుమున బరువు, పొత్తికడుపున పట్టు, ఒకప్పుడు విరేచనములు కలుగును. రక్తపు చార కలిసిన జిగురు కనబడవచ్చును. నొప్పి వచ్చును, పోవును. కొంతసేపు పది నిమిషములకు, కొంతసేపు అరగంటకు. లేచి తిరిగినచో లేక పడుకొన్నచో తగ్గిపోవు వానిని మన వారు దొంగ నొప్పులందురు. తగ్గక, నానాటికి దగ్గరపడి, బలమగునవి నిజమైన నొప్పులు. ఈ దశ కొన్ని గంటలు, ఒకప్పుడు ఒక రాత్రియు పగలును పట్టవచ్చును. అది లోపము కాదు. తేలికయైన ఆహారము, నీరు పుచ్చుకొనవలెను. మూత్రము ఆపుకొనరాదు. రాత్రియైనచో నిద్రింప యత్నింపవలెను. పగలైనచో మెల్లగా నడువవచ్చును. ఎవరు తొందరపెట్టినను ముక్కరాదు.

తొలి కాన్పులో నొప్పులు అయిదు నిమిషముల కొకసారి, ఒక్కొక్కటి నిమిషముసేపు, ఒక గంట కాలము విడువక వచ్చినచో ఆసుపత్రికి బయలుదేరవలెను. ఇంతకు ముందు కన్నవారును, దూరపు తోటలలో ఉన్నవారును ఇంకను ముందే బయలుదేరవలెను. ఉమ్మనీరు పోయినను, అది పచ్చగా నుండినను, ఎర్రని రక్తము కారినను, బిడ్డ కదలిక తగ్గినను, 37 వారములు నిండక ముందే నొప్పులు వచ్చినను, నొప్పులను లెక్కించుచు కూర్చుండక వెంటనే పోవలెను. ఆ పువ్వు నానిన నీటిని త్రాగుట నేటికిని కొన్ని యిండ్లలో కలదు. అది నిరపాయమని నిరూపణ కాలేదు. త్రాగవద్దని వైద్యులు హెచ్చరించుచున్నారు.

ఆ పువ్వు పుట్టిన సౌదీ అరేబియాలో నేడు కాన్పులు దాదాపు అన్నియు ఆసుపత్రులలోనే జరుగుచున్నవి. అచ్చట పనిచేయు నర్సులలో భారతదేశమునుండి పోయిన వారు అనేకులు. మన తాతలు మలయాకు వచ్చినట్లే, తెలుగు కుటుంబములు కరీంనగరు, నిజామాబాదు, కడప ప్రాంతముల నుండి అచ్చటికి పని వెదకికొనుచు పోవుచున్నవి.

పెద్దలను నిందించుట మా ఉద్దేశము కాదు. ఆ పువ్వు ఒక మంచి పనియు చేసెను. అది విచ్చుకొను వరకు స్త్రీలు గదిని విడువక గర్భిణి చేయి పట్టుకొని కూర్చుండెడివారు. ప్రక్కన ఒక తోడు విడువక ఉండుట తల్లికి మేలు చేయునని నేటి వైద్యులును అంగీకరించుచున్నారు. ఆ తోడును నిలుపుకొందము. కాలమును కొలుచు పనిని మాత్రము తెలిసిన నర్సు చేతికి అప్పగింతము. మా నాయనమ్మ పువ్వు ఇప్పటికిని మా యింటి అలమారలో ఉన్నది. మా కోడలి కాన్పు నాడు దానిని నీటిలో వేయలేదు. ఆమె చేయి పట్టుకొని కూర్చుంటిమి.