సర్పంచికి సర్టిఫికెట్టు

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగినప్పుడు నేను రాత్రిబడిలో వాలంటీరుగా చదువు చెప్పాను. పగలంతా కూలికి పోయి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, అప్పుడొచ్చి పలక పట్టుకునేవాళ్లు ఆడవాళ్లు. వాచకంలో సారా వల్ల చితికిపోయిన సీతమ్మ కథ ఉండేది. ఆ పాఠానికొచ్చేసరికి అక్షరాలు పక్కకు పోయి, ఎవరి ఇంటి గోడు వాళ్లు చెప్పుకునేవాళ్లు.

కలిగిరి మండలం దూబగుంటలో ఆ గోడు పోరాటమైంది. రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా అమ్మకుండా అడ్డుకున్నారు. చూస్తుండగానే అది ఊరూరికీ పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక 1995లో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చాయి. ఖజానాకు కోట్లు తెచ్చిపెట్టే సారాను ప్రభుత్వం చేత వదిలించింది పదో తరగతి మెట్టు ఎక్కనివాళ్లే.

అందుకే 2015 డిసెంబరు 10న రాజ్‌బాల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నాకు నేటికీ మింగుడుపడదు. పంచాయతీ ఎన్నికల్లో పోటీకి హరియాణా ఆ ఏడాదే చదువు నిబంధన పెట్టింది. జనరల్ వర్గం మగవాళ్లకు పదో తరగతి, ఆడవాళ్లకూ దళిత పురుషులకూ ఎనిమిది, వార్డు సభ్యత్వానికి నిలబడే దళిత మహిళకు ఐదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉండాలి, కరెంటు బిల్లు, సహకార సంఘం అప్పు బకాయి ఉండకూడదు. ఇవన్నీ చెల్లుతాయన్న ఆ తీర్పు రాసింది మన కృష్ణా జిల్లావాడే, జస్టిస్ చలమేశ్వర్. మంచిచెడ్డల విచక్షణ చదువే ఇస్తుందని అందులో ఉంది. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, సారా అంగడి ముందు కూర్చున్న ఆడవాళ్లకు ఆ విచక్షణ ఏ బడీ ఇవ్వలేదు.

ఈ తగువు పాతదే. బ్రిటిష్ పాలనలోని 1935 చట్టం కింద ఓటు వేయాలంటేనే ఆస్తో, పన్నో, చదువో చూపించాలి. దేశంలో అక్షరాస్యులు నూటికి ఇరవై మంది కూడా లేని రోజుల్లోనే మన రాజ్యాంగ సభ వయోజనులందరికీ ఓటిచ్చింది. 1949 నవంబరు 26న, సభాధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ చివరి ప్రసంగంలో ఒక వెలితి చెప్పుకున్నారు: చట్టం అమలుచేసేవాళ్లకు అర్హతలు అడుగుతూ, చట్టం చేసేవాళ్లకు ఏమీ అడగకపోవడం. కలకత్తా విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలో ప్రథముడాయన, అలా అనిపించడం సహజం. కానీ అదే ప్రసంగంలో తెలివితేటలకన్నా శీలం ముఖ్యమనీ, దాన్ని కొలిచే కొలబద్ద లేదనీ కూడా ఆయనే అన్నారు. మొదటి మాటను పట్టుకున్నవాళ్లు రెండోది వదిలేస్తారు.

ఇంకో సంగతి. ఎమ్మెల్యేకి, ఎంపీకి ఈ దేశంలో ఇవాళ్టికీ ఏ చదువూ అక్కర్లేదు. హరియాణా చట్టం చేసిన శాసనసభ్యులకే లేని నిబంధన, పొలంలో నాట్లేసే మనిషికి పెట్టారు. ఆమె చిన్నప్పుడు ఊళ్లో బడి పెట్టాల్సింది ప్రభుత్వం. పెట్టని తప్పుకు శిక్ష ఆమెకు.

2014 చివర్లో ఇలాంటి నిబంధనే తెచ్చిన రాజస్థాన్ 2019లో దాన్ని ఎత్తేసింది. హరియాణా కూడా ఎత్తేయాలి.