ఇంటిదొంగ దొరికాడు

2006. రాయలసీమ పల్లెల్లో ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచం పట్టారు. జ్వరం నాలుగు రోజుల్లో దిగినా కీళ్ల నొప్పులు వదల్లేదు. నిన్నటిదాకా మడక దున్నిన మనిషి నీళ్ల చెంబు ఎత్తలేక, గోడ పట్టుకుని నడిచాడు. ఆ ఏడాది దేశంలో 13 లక్షలకు పైగా చికున్‌గున్యా అనుమానిత కేసులు నమోదయ్యాయి. డాక్టర్లు ఇవ్వగలిగింది పారాసెటమాల్, ధైర్యం.

నేటి టాంజానియాలో ఈ జబ్బు 1952లోనే బయటపడింది. అయినా దాని వైరస్ మన కణంలోకి ఎవరి సాయంతో చొరబడుతోందో చాలాకాలం తేలలేదు. సాయం చేసేది మన ఒంట్లోదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు మరి!

అమెరికాలో సెయింట్ లూయిస్. వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్య కళాశాల. ఆ దొంగ కోసం వేటకు దిగిన మైకేల్ డైమండ్, రోంగ్ జాంగ్ బృందం చేతిలో ఉన్న కత్తి, జన్యువులను తెగ్గొట్టే క్రిస్పర్.

ఎలుక కణాలను పెద్ద ఎత్తున పెంచారు. ఒక్కో కణంలో ఒక్కో జన్యువును తెగ్గొట్టారు. మొత్తం మీద సుమారు 20 వేల జన్యువులు కత్తి కిందికి వచ్చాయి. ఆపై వాటి మీదికి వైరస్‌ను వదిలారు. అదీ మామూలుది కాదు, సోకిన కణం ఎర్రగా మెరిసేలా మార్చింది. ఒక్కో కణాన్నీ పరీక్షించే యంత్రం మెరవనివాటిని ఏరిపెట్టింది. వాటికి వైరస్ సోకలేదంటే, తెగిన జన్యువే దానికి అవసరమన్నమాట!

ఏరిన కణాల డీఎన్‌ఏ చదివారు. జాబితాలో అన్నిటికన్నా పైన నిలిచిన పేరు: ఎంఎక్స్‌ఆర్‌ఏ8. కణం పైపొర మీద ఉండే ప్రోటీన్.

కాకతాళీయమేమో? తెగిన జన్యువును తిరిగి పెట్టారు. వైరస్ మళ్లీ సోకింది. అదే ప్రోటీన్‌ను విడిగా తయారుచేసి వైరస్‌కు ఎరగా ఎలుకలకు ఇచ్చారు. వైరస్ తగ్గింది, పాదాల వాపూ తగ్గింది. 2018లో 'నేచర్' పత్రిక ఈ ఫలితాన్ని ప్రచురించింది. రాస్ రివర్, మయారో వైరస్‌లకూ ఇదే ప్రోటీన్ ఆసరా అని తేలింది.

2020లో మరో విశేషం బయటపడింది. ఆవుల ఎంఎక్స్‌ఆర్‌ఏ8లో, సరిగ్గా వైరస్ అతుక్కునే చోట, ఒక అదనపు ముక్క అడ్డుగా ఉంది. జన్యు సవరణతో ఆ ముక్కను ఎలుకల్లో చేరిస్తే వాటికీ చాలావరకు రక్షణ దొరికింది.

ఈ దారిలో మనిషికి మందు ఇంకా రాలేదు. అందాకా దోమలు పెరగకుండా నీళ్ల తొట్టిని వారానికోసారి ఖాళీ చేసి, రుద్ది కడిగి, ఆరబెట్టండి. చికున్‌గున్యాను మోసే దోమ కుట్టేది ఎక్కువగా పగటిపూటే. దోమతెర రాత్రికే పరిమితం చేయకండి.