బడిలో పెద్దరికం: నల్లగొండ, పాలమూరు ప్రాథమిక విద్యలో నాయకత్వ శిక్షణ - చారిత్రక పరిశీలన

2012 తరువాత నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలులోకి వచ్చినప్పటి నుంచి ప్రాథమిక పాఠశాలల ప్రగతి పత్రాలలో 'విలువల విద్య - జీవన నైపుణ్యాలు' అన్న అంశం చేరింది. తోటివారితో కలిసిమెలిసి ఉండటం, కోపతాపాలను అదుపులో పెట్టుకోవడం, బాధ్యత తీసుకోవడం, నలుగురిని వెంట నడిపించడం మొదలైన వాటికి ఉపాధ్యాయుడు ఒక శ్రేణి ఇవ్వవలసి ఉంటుంది. ఈ ఆలోచన పరాయిదేశాల నుంచి దిగుమతి అయిందన్న అభిప్రాయం ఉపాధ్యాయ వర్గాలలో తరచూ వినిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠశాలల్లో జీవన నైపుణ్యాల బోధన గురించి 1990వ దశకంలో పత్రాలు వెలువరించింది. 'సాంఘిక భావోద్వేగ అభ్యసనం' అన్న పారిభాషిక పదం 1994 ప్రాంతంలో అమెరికాలో స్థిరపడింది. అయితే పదం కొత్తదైనంత మాత్రాన విషయం కొత్తది కాదు. బడిలో ఎవరు పెద్ద, ఎవరి మాట ఎవరు వినాలి, పిల్లవాడి మనసులో భయం పెట్టాలా, భయం తీయాలా అన్న ప్రశ్నలు ఈ ప్రాంతపు చదువు చరిత్రలో మొదటి నుంచీ ఉన్నాయి. తెలుగులో వీటన్నింటినీ కలిపి పట్టుకోగల మాట 'పెద్దరికం'. వయసు, అధికారం, బాధ్యత, గౌరవం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో, అంటే 2016, 2019 పునర్విభజనల తరువాత ప్రధానంగా ఎనిమిది జిల్లాలుగా ఉన్న మెట్ట ప్రాంతంలో, బడి ఈ పెద్దరికాన్ని ఎవరి చేతికి ఇచ్చిందో, ఎవరికి ఇవ్వలేదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

వీధిబడి లోపలి వ్యవహారాన్ని గురించి ఈ చుట్టుపక్కల లభించే తొలి వివరణలలో ముఖ్యమైనది నిజాం రాజ్యంలోది కాదు, పక్కనున్న కంపెనీ పాలిత ప్రాంతంలోది. గద్వాల, అలంపురం సీమలకు దూరం కాని బళ్లారి జిల్లాకు కలెక్టరుగా ఉన్న ఎ.డి. కాంబెల్ 1823లో తన జిల్లా బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, ఆ తరువాత తెలుగు నిఘంటువును ప్రకటించిన కాంబెల్ ఇతడే. అందువల్ల అతని నివేదిక ఒక రెవెన్యూ అధికారి లెక్కల పట్టీతో ఆగిపోలేదు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారనీ, ఆ బడులలో 226 తెలుగు బడులనీ చెబుతూనే, తెల్లవారి బడి ఎలా మొదలవుతుందో కూడా వర్ణించాడు.

అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవ సూచకంగా సరస్వతి పేరు రాస్తారు. రెండవవాడి చేతిలో సున్న చుడతారు. అతనికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపైన వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెంచుతూ దెబ్బలు. ఈ పద్ధతిని సమయపాలన నేర్పే ఉపాయంగా చదవడం పరిపాటి. నిదానించి చూస్తే ఇందులో సమయానికి చోటు లేదని తెలుస్తుంది. మూడవ పిల్లవాడు వేళకే వచ్చి ఉండవచ్చు. అయినా తన కంటే ముందు ఇద్దరు వచ్చినందుకు అతనికి దెబ్బ తప్పదు. ఇక్కడ నేర్పింది వరుస. తోటివాడి గెలుపు తన వీపు మీద పడుతుందన్న ఎరుక. మొద్దు పిల్లలను చేతులు కట్టి దూలానికి వేలాడదీయడం, ఆపకుండా కూర్చుని లేవమనడం కూడా కాంబెల్ నమోదు చేశాడు. తెలుగువారు వీటిని కోదండం, గుంజీళ్ళు అన్నారు. రాముడి వింటి పేరు పసిపిల్లల శిక్షకు పేరు కావడం భాషాశాస్త్రజ్ఞులు విడిగా ఆలోచించదగిన విషయం.

అదే బడిలో మరొక పెద్దరికం కూడా ఉంది. ముందు చదువుకున్న పిల్లలు వెనుకవారికి చెప్పాలి. చెబుతూ చెబుతూ తమ చదువును గట్టి చేసుకోవాలి. ఈ ఏర్పాటును కాంబెల్ మెచ్చుకున్నాడు. ఇంగ్లండులో దీనిని అనుకరించడం సబబేనన్నాడు. ఆ అనుకరణకు మూలపురుషుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయంలో 1789 నుంచి 1796 వరకు పనిచేసి, పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతిని అక్కడ అమలు చేసి, 1797లో దాని మీద పుస్తకం ప్రచురించాడు. అది ఇంగ్లండులో 'మద్రాసు పద్ధతి'గానే ప్రసిద్ధి పొందింది. నాయకత్వ శిక్షణ పడమటి నుంచి వచ్చిందన్న అభిప్రాయానికి ఈ ప్రయాణం ఒక సవరణ. ఐతే దీనిని గర్వకారణంగా మాత్రమే చెప్పుకోవడం చరిత్రకు న్యాయం చేయదు. ఆ పెద్ద పిల్లవాడి పెద్దరికం అయ్యవారు అరువిచ్చినది. చదువు చెప్పే చేతికే బెత్తం కూడా వచ్చేది. పైగా 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే.

మరి బడి బయట ఉన్న పిల్లలు? నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దొరల దగ్గర జీతం ఉన్న పిల్లలకు, వెట్టి చేసే కుటుంబాల పిల్లలకు చదువు లేదు గాని శిక్షణ లేదనడానికి వీలులేదు. గడి ముందు ఎక్కడ చెప్పులు విడవాలి, ఎంత దూరంలో నిలబడాలి, తల ఎప్పుడు ఎత్తకూడదు అన్నవి తండ్రి నడుము వంపు చూసే కొడుకు నేర్చుకునేవాడు. 'నీ బాంచెన్ కాల్మొక్త' అన్న మాట పిల్లవాడికి పలుకు స్థిరపడక ముందే పట్టుబడేది. మనసులో కలిగిన భావాన్ని మింగి, ఎదుటివాడి ముఖకవళికలను చదివి, దానికి తగినట్టు మాట్లాడటం ఉన్నత స్థాయి సాంఘిక నైపుణ్యమే. దాని ప్రయోజనం మాత్రం తలకిందులు. ఈ కోణం నుంచి చూసినప్పుడు, ఈ ప్రాంతంలో తరువాత వచ్చిన ప్రతి విద్యాప్రయత్నానికీ రెండు పనులు పడ్డాయి: అక్షరం నేర్పడం, అప్పటికే నేర్చిన వంగుబాటును మరిపించడం. రెండవ పని ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు.

నిజాం పాలనలో ప్రభుత్వ విద్య ఉర్దూలో సాగింది. తెలుగు నేర్పే ఖాన్గీ బడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి కావడంతో అవి చిక్కిపోయాయి. ఇంటి భాష బడిలో చెల్లకపోతే పిల్లవాడికి ముందుగా పోయేది నోరు. ఆ నోటిని తిరిగి తెచ్చిన చోటు బడి కన్నా ఎక్కువగా గ్రంథాలయమూ, పత్రికా. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వెలువడింది. అలంపురం ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రికను ప్రారంభించాడు. చదువు తక్కువైన ఊళ్ళలో పత్రికను ఒకరు పైకి చదివితే పదిమంది విన్నారు. ఆ ఒకరు తరచూ ఊరిలో చదువుకున్న ఏ కుర్రవాడో అయ్యేవాడు. వయసులో పెద్దవాళ్ళు చుట్టూ కూర్చుని అతని మాట కోసం ఎదురుచూడటం పెద్దరికపు వరుసను ఒక గడియసేపైనా తారుమారు చేసింది. వీధిబడి పెద్ద పిల్లవాడికి అయ్యవారు ఇచ్చిన అధికారం ఉంటే, ఇతనికి వినేవారి అవసరమే అధికారం. ఆంధ్ర మహాసభ సమావేశాలలో దేవరకొండ (1931), షాద్‌నగర్ (1936), చిలుకూరు (1941), భువనగిరి (1944) సభలు ఈ రెండు జిల్లాలలోనే జరిగాయి. మాతృభాషలో ప్రాథమిక విద్య, వెట్టి నిర్మూలన అన్న రెండు కోరికలు ఆ ఉద్యమంలో జంటగా నడవడం యాదృచ్ఛికం కాదు.

ఉద్యమ కవులలో ఈ బాలుణ్ణి సూటిగా పలకరించినవాడు నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతు. పసులు కాసే పల్లెటూరి పిల్లవాడి మీద అతడు కట్టిన పాట 1979 నాటి 'మా భూమి' చిత్రం ద్వారా తెలుగు దేశమంతటా వ్యాపించింది. విమర్శకులు దీనిని బాలకార్మికుడి దైన్యాన్ని చిత్రించిన పాటగా పేర్కొంటారు. పాట నిర్మాణం ఇంకొక సంగతి చెబుతుంది. అది ప్రశ్నల మీద ప్రశ్నలుగా సాగుతుంది. పిల్లవాడి బట్ట, తిండి, కూలి, దెబ్బ, అన్నింటి గురించీ అతన్నే అడుగుతుంది. పైగా అతన్ని శూరుడికి తగిన పేరుతో పిలుస్తుంది. అంతవరకు ఎవరూ ఏమీ అడగని ఒక పిల్లవాడిని నీ సంగతేమిటని అడగడం, అతని దగ్గర జవాబు ఉంటుందని నమ్మడం ఇక్కడి విశేషం. నేటి శిక్షణ కరదీపికలు 'స్వీయ అవగాహన' అని పిలిచే అంశానికి తెలంగాణ సాహిత్యంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

స్వాతంత్ర్యానంతర కాలంలో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది సర్వేల్ గురుకులం. ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు చొరవతో, సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి సహకారంతో 1971 నవంబరు 23న నల్లగొండ జిల్లా సర్వేల్‌లో తెలుగు మాధ్యమంలో ఆ పాఠశాల మొదలైంది. 1951లో భూదానోద్యమం పుట్టిన పోచంపల్లి కూడా ఈ జిల్లాదే. పల్లెటూరి పేద పిల్లవాడు ఊరి వరుసల నుంచి, కుల వాడల నుంచి దూరంగా ఇరవై నాలుగు గంటలూ తోటివారి మధ్య పెరగడం ఆ విద్యలో ప్రధాన భాగం. పోలీసు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఎం. మహేందర్‌రెడ్డి, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన బుర్రా వెంకటేశం అక్కడ చదివినవారే. తరువాత పి.వి. కేంద్రమంత్రిగా ఉన్నప్పుడు వచ్చిన నవోదయ విద్యాలయాలలో ఈ అనుభవపు జాడ కనిపిస్తుంది. గురుకులం సాధించిన ఫలితాలను తక్కువ చేయనవసరం లేదు. కాని అది ప్రవేశ పరీక్షతో ఏరుకున్న పిల్లల బడి. ఏరగా మిగిలినవారు ఊరి బడిలోనే ఉన్నారు. పొద్దున ముందుగా వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసిన పద్ధతికీ దీనికీ బొత్తిగా పోలిక లేదనలేము.

ఆ మిగిలినవారి వైపు నుంచి ఆలోచన మొదలుపెట్టింది మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్. చరిత్రకారుడి పేరున 1981లో ఏర్పడిన ఈ సంస్థ శాంతా సిన్హా నాయకత్వంలో 1990వ దశకపు తొలి సంవత్సరాలలో పొరుగున ఉన్న రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికులను బడికి తరలించే పని చేపట్టి, తరువాత నల్లగొండతో సహా ఇతర జిల్లాలకు విస్తరించింది. బడికి రాని ప్రతి బిడ్డా శ్రమిస్తున్న బిడ్డే అన్నది దాని మూలసూత్రం. పాలమూరు ప్రాంతానికి ఈ సూత్రం ఎంత అవసరమో గద్వాల వైపు విత్తన పత్తి చేలు చూపుతాయి. సంకర విత్తనం కోసం పువ్వు పువ్వునా చేత్తో పుప్పొడి అద్దే 'క్రాసింగ్' పనికి ఆడపిల్లలను పెట్టారు. వారి వేళ్ళు సన్నవి, కూలి తక్కువ, ఎదురు చెప్పరు అన్నవి అందుకు చెప్పే కారణాలు. మూడవది నైపుణ్యం కాదు, పైన చెప్పిన వంగుబాటు. పాలమూరు లేబరుగా దేశమంతా తిరిగిన కుటుంబాల పిల్లలది మరొక కథ. తల్లిదండ్రులతో పోతే బడి పోతుంది, ముసలివాళ్ళ దగ్గర ఉంటే తల్లిదండ్రులు దూరమవుతారు. 2011 జనగణన నాటికి కూడా మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత సుమారు 55 శాతం, నల్లగొండ సుమారు 64 శాతం.

పని నుంచి వచ్చిన పిల్లల కోసం నడిపిన సేతు శిబిరాలలో అక్షరం మొదటి పాఠం కాదు. పాట, ఆట, కబుర్లు ముందు. ఎన్నో ఏళ్ళు పసుల వెంట, చేల వెంట గడిపిన పిల్లవాడు నలుగురి మధ్య కూర్చోవడానికి, తన మాట తాను చెప్పడానికి కొన్నాళ్ళు పట్టింది. తోటివాణ్ణి పిలుచుకురావడంలో ఆ పిల్లల మాటకు పెద్దల మాటకన్నా ఎక్కువ విలువ ఉండటం సహజం. ఇక్కడి నాయకత్వం మార్కులతోనూ ముందు రావడంతోనూ రాలేదు. వెనుకబడి ఉండటమే దాని అర్హత.

విద్యాహక్కు చట్టం (2009) ఈ మార్పుకు శాసన రూపం ఇచ్చింది. 17వ సెక్షను దండనను నిషేధించింది. పిల్లవాడు భయం, ఆందోళన లేకుండా స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పగలగాలని 29వ సెక్షను పాఠ్యప్రణాళికకు నిర్దేశించింది. ఆచరణలో కనిపించే దృశ్యం అంత సరళంగా లేదు. బడులలో ఏటా జరిపే స్వపరిపాలన దినోత్సవం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ ఒక్క రోజు పిల్లలు చీరలు, పంచెలు కట్టి ఉపాధ్యాయులుగా, ప్రధానోపాధ్యాయులుగా, కలెక్టరుగా వేషం వేస్తారు. ఊరంతా ముచ్చటపడే వేడుక అది. కాని సారు వేషం కట్టిన పిల్లవాడి చేతిలో చాలాచోట్ల ఇప్పటికీ బెత్తం ఉంటుంది. చట్టం బడిలోంచి బెత్తాన్ని తీసినా, పిల్లల మనసులోని పెద్దరికపు బొమ్మ నుంచి తీయలేకపోయింది. తరగతి నాయకుడిగా చురుకైన విద్యార్థిని ఎంపిక చేసే ఆనవాయితీ కూడా అటువంటిదే.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాలలోని చిన్న ప్రాథమిక పాఠశాలల్లో పరిస్థితి మరీ భిన్నం. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులకు చెప్పవలసి వచ్చినప్పుడు పెద్ద పిల్లలు చిన్నవారిని పట్టుకోక తప్పదు. కాంబెల్ మెచ్చిన ఏర్పాటు ఇక్కడ సిబ్బంది కొరతకు మరో పేరుగా బతికి ఉంది. దానిని నాయకత్వ శిక్షణ అనడం పరిహాసమే అవుతుంది. ఐనా అక్కడ ఒక పని జరుగుతున్నది. ఒకటవ తరగతిలో చేరిన బిడ్డకు ఇంటి భాష లంబాడీ, బడి భాష తెలుగు లేదా ఇంగ్లీషు. సారు అడిగింది బిడ్డకు తెలియదు, బిడ్డ ఏడుపుకు కారణం సారుకు తెలియదు. మధ్యలో నాలుగో తరగతి పిల్ల నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంది. ఆకలా, కడుపునొప్పా, ఇంటి మీద బెంగా అన్నది తేల్చి చెబుతుంది. ప్రగతి పత్రంలో ఆ పిల్లకు తెలుగుకు శ్రేణి ఉంది, గణితానికి ఉంది, విలువల విద్యకూ ఉంది. ఈ పనిని నమోదు చేసే గడి లేదు.